వచ్చి చూసుకుంటారు

పదకొండో పార్శిల్‌కు టేపు చుట్టి, పళ్ళతో తెంపి, సుబ్బరత్నమ్మ దాన్ని గోనెసంచిలోకి జార్చింది. కత్తెర పక్కనే ఉంది. అయినా ఆమెకు పళ్ళే అలవాటు. బట్టల కొట్టులో పనిచేసిన రోజుల్లో పురికొస కూడా అలాగే తెంపేది. అందుకే ముందుపన్ను ఒకటి కాస్త అరిగి, నవ్వితే వంకరగా కనిపిస్తుంది. ఆమె నవ్వడం తక్కువ కాబట్టి ఆ సంగతి చాలామందికి తెలియదు.

యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టి. నడుము కొంచెం ముందుకు వంగి ఉంటుంది. ఇరవై రెండేళ్ళు తెల్లదుప్పటి మీద కూర్చుని, వచ్చినవాళ్ళ ముందు చీరలు పరిచిన నడుము అది. పట్టుపోగు తగులుకోకుండా గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటుంది. ఇప్పుడు చీరలు ప్లాస్టిక్ కవర్లలో వస్తున్నాయి, ఆ కవర్లలోనే పోతున్నాయి. గోళ్ళు జానెడు పెంచుకున్నా అడిగేవాళ్ళు లేరు. అయినా ఆదివారం పొద్దున బ్లేడు పట్టుకుని గుమ్మంలో కూర్చోవడం మానలేదు.

ఆమె పార్శిళ్ళు కట్టేది నరసరావుపేటలో కోటిలింగం శెట్టిగారి ఇంటి వసారాలో. లోపల హాల్లో ఆయన కోడలు ధరణి గుండ్రటి దీపం ముందు నిలబడి ఫోన్‌తో మాట్లాడుతోంది. "హాయ్ అక్కలూ, ఈ కలర్ చూడండి, చేత్తో పట్టుకుంటే ఇంకా బాగుంటుంది" అంటోంది. చేత్తో పట్టుకునే వీలు ఎవరికీ లేదు. వీడియో కింద ఎప్పుడూ ఒక వాక్యం నడుస్తూ ఉంటుంది: 'ఇంటికి వచ్చి తీసుకోవడం కుదరదు. కొరియర్ మాత్రమే.' ఆ వాక్యానికి గేటు దగ్గర కాపలా సుబ్బరత్నమ్మ.

మొదట్లో రానిచ్చేవాళ్ళు. ఒక్క చీర కోసం వచ్చినావిడ వెంట నలుగురు వచ్చేవారు. ఇల్లంతా తిరిగి, వంటింట్లోకి తొంగిచూసి, ఏమీ తీసుకోకుండా పోయేవారు. అదైనా ధరణి ఓర్చుకునేది. కానీ ఒకడు భార్యకు చీరంటూ వచ్చాడు, మర్నాడూ వచ్చాడు, మూడోనాడు ఏమీ అడక్కుండా గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో కనిపించే మనిషిని దగ్గరగా చూద్దామని వాడి సరదా. ధరణి భర్త యోగేశ్ ఎరువుల కంపెనీ పని మీద మాచర్ల వైపు తిరుగుతూ వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు. ఆ రోజు నుంచి గేటుకు గొళ్ళెం పడింది. ఆ పిల్ల భయం ఉత్తిది కాదని సుబ్బరత్నమ్మకూ తెలుసు.

అయితే ఎండలో అంతదూరం వచ్చిన ఆడవాళ్ళను ఏమని పంపించడం? వద్దంటే వాదిస్తారు. అప్పుడే సుబ్బరత్నమ్మకు ఒక ఉపాయం తట్టింది. "మైల వచ్చిందమ్మా" అంది. అంతే, వచ్చినావిడ రెండడుగులు వెనక్కి వేసింది. చావు మైల ఉన్న ఇంట్లో కొత్తబట్ట కొనేవాళ్ళు పల్నాడు మొత్తం వెతికినా దొరకరు. "భలే చెప్పావు రత్నక్కా!" అని ధరణి పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఆ మైల ఇంకో మూడుసార్లు వచ్చింది. ఎవరు పోయారని ఒకరిద్దరు అడిగితే, దూరపు చుట్టాలని చెప్పి సరిపెట్టింది.

శెట్టిగారికి ఈ గేటు సంగతి మింగుడుపడేది కాదు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, గుండె బలహీనం, వీధి వైపు గదిలో కిటికీ పక్క మంచమే ఆయన లోకం. సుబ్బరత్నమ్మ పనిచేసిన, పెద్ద బజారులోని ఆయన కొట్టుకు ఎనిమిది రెక్కల తలుపు ఉండేది. పొద్దున తీస్తే రాత్రికి గానీ వేసేవాళ్ళు కాదు. కరోనా ఏడాదిలో వేసిన తలుపు మళ్ళీ తీయలేదు. పోయిన నెల సుబ్బరత్నమ్మ పెరట్లో ఉన్నప్పుడు ఆయనే కర్ర పట్టుకుని వచ్చి గొళ్ళెం తీశాడు. నూజెండ్ల నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళను నేరుగా హాల్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. వీడియో మధ్యలో ఆగిపోయింది. ధరణి ఏడ్చింది. మామగారిని ఏమీ అనలేక, "ఇంకోసారి ఎవరన్నా లోపలికి వస్తే నువ్వు పనికి రానక్కర్లేదు రత్నక్కా" అంది. సుబ్బరత్నమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు, ఇంకో పని తెలియదు. ఈ ఇంటి గొళ్ళెమే ఆమె బతుకుకు గొళ్ళెం.

పన్నెండో పార్శిల్ చేతిలోకి తీసుకుంటుండగా గేటు చప్పుడైంది.

అరవై ఐదేళ్ళ ఆవిడ. చామనఛాయ, వెడల్పు ముఖం, చెవులకు బరువైన దుద్దులు. చీర కొంగు తల మీదకు లాక్కుంది. చంకలో గుడ్డసంచి.

"ఏమ్మే అమ్మాయ్, ఫోన్లో చీరలు చూపిస్తదే, ఆ పిల్ల ఇల్లు ఇదేనా? నడికుడి నుంచి వస్తన్నా, పేరు రామాయమ్మ. ముందు కాసిని మంచినీళ్ళియ్యి, నోరు పిడచ కట్టుకపోయింది."

సుబ్బరత్నమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి గేటు మీంచి అందించింది. రామాయమ్మ దాన్ని ప్రహరీ మీద పెట్టుకుని ముందు సంచి విప్పింది.

"ఇంటికి వచ్చి తీసుకునే పద్ధతి లేదు పెద్దమ్మా. ఫోన్లో పెడితే కొరియర్లో పంపిస్తారు."

"పంపించారమ్మా. రెండుసార్లు పంపించారు. రెండుసార్లూ వేరే ఎరుపే. మనవరాలు ఫోన్లో చూపిస్తే ఇదే అనుకుంటా, విప్పితే కాదు. తప్పు మీది కాదులే, ఆ ఫోనుది. అందుకే పిడుగురాళ్ళలో బస్సు మారి నేనే వచ్చా." సంచిలోంచి అరచేయంత గుడ్డముక్క తీసింది. ముదురు ఎరుపు, ఒక అంచు కాలి నల్లబడి ఉంది. "దీని పక్కన పెట్టి చూసుకుంటే అయిపోద్ది. అయిదు నిమిషాలు."

సుబ్బరత్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. హాలు కిటికీలోంచి ధరణికి అంతా కనిపిస్తూనే ఉంది. ముఖం ఫోన్ వైపే నవ్వుతోంది. వీడియోలో పడకుండా చెయ్యి మాత్రం కిందికి దించి అడ్డంగా ఊపుతోంది.

"ఆగాగు," అంది రామాయమ్మ, ఇంటి వంక తేరిపార చూసి. "ఇది కోటిలింగం శెట్టిగారి ఇల్లు కాదూ? నా పెళ్ళి బట్టలు ఆయన కొట్లోయే. ఒకసారి డబ్బు ఇంటి దగ్గర ఇచ్చిపోదామని ఇక్కడికి వచ్చా కూడా. ఇంకేం! ఆయన్ని పిలువమ్మా. ఒక్కసారి చూస్తే చాలు, ఏ రంగో ఏడుందో చెబుతాడు."

పిలిస్తే ఆయన వస్తాడు. వస్తే గొళ్ళెం తీస్తాడు. ఆయన గది కిటికీ నాలుగు బారల దూరంలో ఉంది, రెక్క ఓరగా తెరిచి ఉంది.

"శెట్టిగారు పోయారు పెద్దమ్మా. మైల."

నోరు జారిందనడానికి కూడా లేదు. జారిన నోరైతే అక్కడితో ఆగేది. "అయ్యో, ఎప్పుడే?" అని రామాయమ్మ అడిగితే "మొన్న" అంది. "ఎట్టా?" అంటే "నిద్రలోనే" అంది. ఒకదాని వెనక ఒకటి, కొట్టులో చీర మడతలు విప్పినంత తేలిగ్గా వచ్చాయి.

రామాయమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. చెప్పులు విడిచి, గేటు బయట అరుగు మీద చతికిలబడింది. సుబ్బరత్నమ్మను ఆ ఇంటి మనిషనే అనుకుని పరామర్శ మొదలుపెట్టింది.

"చానా గొప్ప చెయ్యమ్మా ఆయనది. నేనూ మా తోడికోడలూ చీరలకొచ్చాం. ఈ ఎరుపు ఆమె ముందు పరిచాడు. నాకూ ఇదే కావాలన్నా. ఇది నీకు కాదమ్మా, ఆమె రంగుకే అన్నాడు. నాకు కడుపు మండింది. ఊరికెళ్ళాక ఒకనాడు అడిగి కట్టుకున్నా, పొయ్యి కాడ అంటుకుంది. ఎలకలు కొరికినయ్యని చెప్పా. ముప్పై ఏళ్ళయింది. ఆమె ఒక్కసారన్నా అడగలా. అడిగినా బాగుండేది. మొన్న శివరాత్రికి నేనే నోరు తెరిచి నిజం చెప్పా. అదే రంగు తెచ్చిస్తానని మాటిచ్చా." ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. "కనుక్కునే ఆయనే లేకపాయె."

సుబ్బరత్నమ్మ గేటు గొళ్ళెం పట్టుకుని నిలబడింది. నిజం చెబుదామంటే ఇప్పుడు ఏ మొహంతో చెబుతుంది? చచ్చాడన్న మనిషిని మళ్ళీ ఎలా లేపుతుంది?

గుడ్డముక్కనూ, మనవరాలు ఫోన్ నంబరు రాసిచ్చిన చీటీనీ రామాయమ్మ ఆమె చేతిలో పెట్టింది. "మైల తీరినాక చూసి చెప్పండి. తొందరేం లేదు." లేచి చెప్పులు తొడుక్కుంది. ప్రహరీ మీద నీళ్ళగ్లాసు అలాగే ఉంది. మైల ఇంటి నీళ్ళని దాని వంక చూసీ తాకలేదు. "వెళ్..." అని నాలుక కరుచుకుంది. చావు జరిగిన ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వెళ్లొస్తానని చెప్పకూడదు. తల ఊపి, మాట లేకుండా, ఎండలో బస్టాండు వైపు నడిచిపోయింది.

సుబ్బరత్నమ్మకు తల కొట్టేసినట్టయింది. తను చెప్పిన అబద్ధానికి ఆ ముసలావిడ దాహాన్ని కూడా ఆపుకుని మర్యాద చేసి వెళ్ళింది. గ్లాసులో నీళ్ళు చెట్టుకు పోద్దామనుకుంది. చెయ్యి రాక అక్కడే వదిలేసింది.

వీడియో ముగించి ధరణి వసారాలోకి వచ్చింది. "ఏం చెప్పి పంపించావు?"

"మైలే చెప్పా."

"భలేదానివి రత్నక్కా!" అని భుజం తట్టి లోపలికి వెళ్ళింది. ఎవరి మైల అని అడగలేదు.

ఒంటిగంటకు శెట్టిగారికి అన్నం పెట్టడం సుబ్బరత్నమ్మ పనే. కంచం తీసుకుని గదిలోకి వెళ్ళడానికి ఆమెకు రోజుకంటే చాలాసేపు పట్టింది. ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తెల్లని మనిషి, చొక్కా వేసుకుంటే ఎముకల మీద ఆరేసినట్టుంటుంది. చేతులు మాత్రం ఇంకా పెద్దవి, వేళ్ళు పొడుగువి. చారన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. గేటు దగ్గర మాటలు ఆయన వినలేదేమో అని సుబ్బరత్నమ్మ ఆశపడింది.

"నిద్రలోనే పంపించావు," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "మేలు చేశావు. గుంటూరు ఆస్పత్రిలో చచ్చానని చెప్పుంటే ఖర్చయ్యేది."

ఆయన నవ్వుతున్నాడు. అది మరీ భరించలేకపోయింది. "అయ్యగారూ..." అంది.

"ఏం తెచ్చింది ఆమె? ఇటియ్యి."

గుడ్డముక్కను కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. వెనక్కి తిప్పాడు. ధరణి కొరియర్ ఆఫీసుకు పార్శిళ్ళు తీసుకుని స్కూటీ మీద వెళ్ళిన చప్పుడైంది.

"పండుమిరప అనుకుని పంపించి ఉంటది పిల్ల. ఇది పండుమిరప కాదు రత్నమ్మా. కళ్ళంలో నాలుగు ఎండలు తిన్న కాయ రంగు ఇది. ఫోనుకు ఎండిన కాయకూ పండుకాయకూ తేడా ఏం తెలుస్తది! నన్ను లేపు."

"వద్దయ్యా, ఆయాసం వస్తది."

"చచ్చినోడికి ఆయాసమేంది? లేపు."

ఆమె భుజం మీద చెయ్యి వేసి, గోడ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, వెనకగదిలోకి నడిచాడు. అక్కడ ధరణి సరుకు వెనక, పాత కొట్టు నుంచి తెచ్చిన టేకు బీరువా ఉంది. అమ్ముడుపోని నేతచీరలు పాతిక దాకా అందులో మూలుగుతున్నాయి. ఆయన బీరువా ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, చీరల అంచులను వేలితో మీటుకుంటూ పోయాడు. కళ్ళు సగం మూసే ఉన్నాయి. మూడో అరలో వేలు ఆగింది.

"లాగు."

చీరాల నేత. మడతల దగ్గర కాస్త వెలిసింది. విప్పితే లోపలి ఎరుపు నిలబడి ఉంది. గుడ్డముక్కను దాని మీద పెట్టాడు. కాలిన అంచు లేకపోతే ముక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. సుబ్బరత్నమ్మ చేతులు వాటంతటవే చీర కొంగును దులిపి, మోకాళ్ళ మీద పరిచి, అరచేత్తో సాపు చేశాయి. అయిదేళ్ళయింది అలా చేసి.

"కోడలిదేం తప్పు లేదు," అన్నాడాయన ఊపిరి కూడదీసుకుంటూ. "నాది కొట్టు. రావడానికే తలుపు పెట్టుకున్నా. దానిది ఇల్లు. ఇంట్లోకి అందర్నీ రానియ్యమంటే ఎట్టా కుదురుద్ది? అది దాని భయానికి గొళ్ళెం వేసుకుంది. నువ్వు నీ భయానికి నన్ను చంపావు. పోనీలే."

'పోనీలే' అన్న మాట ఆయన నోట ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు విన్నదో. చీర మీద టీ ఒలికినప్పుడూ అదే, వెయ్యి రూపాయల చీరను పొరపాటున వందకు చుట్టి ఇచ్చినప్పుడూ అదే. తిట్టి ఉంటే ఏడ్చేది. ఏడిస్తే కొంత తేలికయ్యేది. తలవంచుకుని చీర మడతపెట్టింది.

ఆయన చీటీ, కలం అడిగాడు. వణికే చేత్తో నింపాదిగా ఏదో రాసి, గుడ్డముక్కనూ చీటీనీ కలిపి చీరకు పిన్నీసు పెట్టాడు. "అరలో పెట్టు. ఆమెకు ఫోన్ చేయించు. నేను లేచానని చెబుతావో, పోయినవాడు తీసిపెట్టి పోయాడని చెబుతావో నీ ఇష్టం." మంచం మీదకు చేర్చేసరికి ఆయన పెదవులు నల్లబడి ఉన్నాయి. నీళ్ళు తాగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం దాకా సుబ్బరత్నమ్మ ఒక్కమాటను నోట్లో నానబెట్టింది. 'తప్పయింది అయ్యగారూ.' అంతకంటే పెద్ద మాట కూడా కాదు. చెప్పి, రామాయమ్మకు ఫోన్ చేసి, పెద్దాయన బతికే ఉన్నారు, నేనే అబద్ధమాడాను, రమ్మన్నారు అని చెప్పేస్తే అయిపోతుంది. పని పోతే పోతుంది. ఆరింటికి చెబుదామనుకుంది.

ఆరయింది. ధరణి వచ్చి వంటింట్లో పాలు పెట్టింది. సుబ్బరత్నమ్మ సంచి తగిలించుకుని శెట్టిగారి గుమ్మం దాకా వెళ్ళింది. రోజూ అక్కడ నిలబడి "వెళ్లొస్తానయ్యా" అంటుంది. "రా మరి" అంటాడాయన. కొట్టులోనూ అంతే, ఇంట్లోనూ అంతే. ఇవాళ ఆయన గోడ వైపే తిరిగి ఉన్నాడు. నిద్రో, మెలకువో తెలియలేదు. లేపితే ఇటు తిరిగి నవ్వుతాడు. ఆ నవ్వు చూసే ముఖం ఆమెకు లేదు. రేపు పొద్దున్నే చెబుదాంలే అనుకుని, చప్పుడు కాకుండా వచ్చేసింది.

ప్రహరీ మీద నీళ్ళగ్లాసు ఇంకా ఉంది. దాన్ని చూడగానే ఆగిపోయింది. తనూ మాట చెప్పకుండానే వచ్చేసింది, రామాయమ్మలాగే. వెనక్కి వెళదామని గేటు మీద చెయ్యి వేసింది. అప్పుడే షేర్ ఆటో వచ్చి హారన్ కొట్టింది. అది పోతే ఇంకోటి ఎప్పటికో. ఎక్కేసింది.

పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఫోన్ మోగింది. "రత్నక్కా," ధరణి గొంతు. "మామయ్యకు పాలిద్దామని లేపుతున్నా... లేవట్లేదే. నువ్వు రా."

ఆమె వెళ్ళేసరికి పక్కింటివాళ్ళు నలుగురు వచ్చి ఉన్నారు. డాక్టరు చూసి వెళ్ళిపోయాడట. నిద్రలోనే అన్నాడట. ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగి ఉన్నాడు. ఎవరో సర్ది పడుకోబెట్టారు. సుబ్బరత్నమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది.

ధరణి మూలన కూర్చుని ఏడుస్తూనే ఫోన్లో ఏదో రాస్తోంది. దారిలో ఉన్న యోగేశ్ వచ్చేలోపు ఆర్డర్లు ఆపాలి. రాసి, తలెత్తింది. "చూశావా రత్నక్కా, ఈసారి నిజంగానే మైలని పెట్టాల్సి వచ్చింది" అంది. ఆ పిల్ల మామూలుగానే అంది. సుబ్బరత్నమ్మకు మాత్రం పదిమందిలో చెంప పగిలినట్టయింది.

రొంటిన దోపుకున్న నంబరు చీటీ గుర్తొచ్చింది. ఫోన్ చేసి ఏమని చెప్పాలి? శెట్టిగారు పోయారంటే, మొన్ననే పోయాడని నువ్వే చెప్పావు కదమ్మాయ్ అంటుంది రామాయమ్మ. ఇక ఆ అబద్ధాన్ని పట్టుకునేవాళ్ళు ఈ లోకంలో లేరు. పొద్దున విన్నవాడు వెళ్ళిపోయాడు. ఒప్పుకోవడానికి ఎవరి ముందు నిలబడాలో తెలియక, ఆమె పైకి ఏడవనైనా ఏడవలేకపోయింది.

బంధువులు దిగడం మొదలయ్యాక ఆమెను కాస్త ఇంటికి వెళ్ళి రమ్మన్నారు. గుమ్మం దాకా వచ్చి ఆయన వైపు తిరిగింది. అలవాటు కొద్దీ మాట నాలుక చివరకు వచ్చింది. ఇప్పుడు చెప్పకూడదు. పళ్ళ మధ్య తెంపేసుకుని, వెనకగదిలోకి నడిచి, బీరువా తెరిచింది.

మూడో అరలో, కళ్ళంలో నాలుగు ఎండలు తిన్న రంగు చీర మీద, కాలిన గుడ్డముక్కతో కలిపి గుచ్చిన చీటీలో, వంకరపోయిన పాత కొట్టు దస్తూరీ: 'నడికుడి రామాయమ్మ గారిది. వచ్చి చూసుకుంటారు.'